రెండు నత్తలు

సబ్‌ఫ్రేము కిందికి దించి
రెండు టర్బోల్నీ ఊడబెరికి
కడప బండ మీద పక్కపక్కన పెట్టినా.
మాబుగాడు వంగి చూసి
"నత్తల మాదిరి ఉండాయి మామా" అన్యాడు.
వాడు నత్తల్ని యాడ చూసినాడో.
రాప్తాడులో నత్తలు బయటికొచ్చే వాన
వాడు పుట్టినంక పడిందో లేదో.

నీలం కారు. ఆరు సిలిండర్లు.
రిగ్గుల వన్నూరప్ప కొడుకుది.
"కుళ్ళాయన్నా, ఇంకా పెద్దవి ఏసెయ్" అని
కొత్త టర్బోల పెట్టె ఒళ్లో పెట్టి పోయినాడు
పసిబిడ్డను అప్పజెప్పినట్టు.

పాతదాని ఇరుసు వేలితో ఆడిస్తే
రాలబోయే పన్ను మాదిరి కదిలింది.
రెక్కల అంచులు ఎలుక కొరికినట్టుండాయి.
నిమిషానికి లక్షన్నర సుట్లు తిరిగిన చక్రం,
ఇప్పుడు నా అరచేతిలో చల్లగా, నల్లగా.

మాబుగానికి చెప్పినా:
ఇంజను ఇడిసిన పొగ ఈ చక్రాన్ని తిప్పుతాది.
అదే ఇరుసుకు ఆ పక్కన ఇంకో చక్రం,
అది బయట గాలిని తొక్కి తొక్కి లోపలికి పంపుతాది.
పారబోసే దానితోనే కావాల్సింది తెచ్చుకునేది.
మీ అవ్వ శెనిక్కాయ పొట్టుతో
పొయ్యి మండిచ్చలేదా, అట్ల.
వాడు తల ఊపినాడు. పదో నంబరు స్పానర్ మాత్రం
మళ్లీ యాడనో పారేసినాడు.

గాలి పని నాకు కొత్త కాదు.
పదకొండేండ్లు వన్నూరప్ప రిగ్గు మీద
కంప్రెసర్ కాడ నిలబడినోన్ని.
ఆ గాలి కిందికి పోయేది.
ఆరొందలు, ఎనిమిదొందలు, వెయ్యి అడుగులు.
పైకి తెల్లదుమ్ము లేసి చీనీ చెట్ల మీద పడేది.
రైతు గుంత దిక్కు చూసేటోడు కాదు,
నా మొగం దిక్కు చూసేటోడు.
దుమ్ము తడిస్తే శబ్దం మారుతాదని,
అది నా చెవికే ముందు తెలుస్తాదని
ఎవరు చెప్పినారో.
ఎక్కువసార్లు మారలే.
నీళ్లు పడినా పడకున్నా అడుగుకింత.
ఈ కారులో ఎన్ని అడుగులుండాయో
బోల్టులు బిగిస్తా లెక్కేసినా,
నాలుగు వేల కాడ మరిసిపోయినా.

కొత్త రాగి వాషర్లు. కొత్త గాస్కెట్లు.
పెట్రోల్ పంపు ఫ్యూజు పీకి
ఊరికే తిప్పినాం ఇంజన్ని,
నూనె ముందు ఇరుసుకు అందాల.
అందకముందే తిరిగితే
లక్ష రూపాయల చక్రం మొదటి నిమిషంలోనే చస్తాది.
బెంగుళూరు పిల్లోడు లాప్‌టాప్ తగిలిచ్చి
అంకెలు మార్చి, టీ తాగి, పోయినాడు.

"పెద్ద చక్రం కదా బాబూ,
తొక్కిన ఎంటనే రాదు.
తిరగను టైము పడతాది.
అర సెకను ఏమీ ఉండదు" అన్యాను.
"అర సెకనేనా!" అని నవ్వినాడు.
నిజమే, అర సెకనే.

తెల్లారకముందే మరూరు టోలు దిక్కు పోయినాం.
మూడో గేరులో అడుక్కంటా తొక్కినాడు.
ఏమీ లేదు.
రోడ్డు అట్లే ఉండాది, గాలి అట్లే ఉండాది.
ఆ ఏమీ లేని దాంట్లో
నా కాళ్ల కింద మళ్లీ రిగ్గు వణికింది,
ఎవరో నా మొగం దిక్కు చూస్తాండారు.

అంతలో సన్నగా ఈల.
ఈల లావై, ఈపు సీటుకు అతుక్కపోయి,
గాలిమరల కొండ పక్కనుంచి జారిపోయింది.
పిల్లోడు కేక ఏసినాడు.
నేను స్పీడు ముల్లు చూడలే.
ఈలలో గీర ఉందా, లీకు ఉందా, అదే ఇంటాండా.
లేదు. శుద్ధంగా ఉండాది.

షెడ్డుకొచ్చేసరికి మాబుగాడు
పాత నత్త నోటికి నోరానిచ్చి
బుగ్గలు పొంగిచ్చి ఊదుతాండాడు.
చక్రం గరగరమని రెండు సుట్లు తిరిగి
లోపల మిగిలిన నూనె ఒక చుక్క
వాని ముక్కు మీద చిందింది.
తుడుసుకోకుండానే అరిసినాడు:
"మామా, పడింది! నీళ్లు పడినాయి!"